ఒకే తల్లి పిల్లలం, ఇద్దరికీ ఏ జబ్బూ లేదు. మరి రక్తపరీక్షల్లో ఇంత తేడా ఎందుకు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు గోపాలపట్నంలోనే పుట్టి పెరిగారు, ఇప్పటికీ అక్కడే ఉంటున్నారు. మీ తమ్ముడు పదిహేనేళ్ళుగా అమెరికాలో, ఆస్టిన్‌లో ఉంటున్నారు. సంక్రాంతికి వచ్చినప్పుడు సరదాగా ఇద్దరూ ఒకే ల్యాబులో హెల్త్ చెకప్ చేయించుకున్నారు. మీకు ఇసినోఫిల్స్ (తెల్లరక్తకణాల్లో ఒక రకం) 9 శాతం, ఐజీఈ (అలర్జీలకీ, పురుగులకీ పెరిగే యాంటీబాడీ) 640 వచ్చాయి. ఆయనకు రెండూ నార్మల్. కానీ చలికాలం వస్తే చాలు ఆయనకు అక్కడ తుమ్ములు, కళ్ళ దురద. మీకు అలాంటి బాధే లేదు. ఆయన పిల్లలు వైజాగ్‌లో దిగిన వారానికే జ్వరం, విరేచనాలతో మంచమెక్కారు. ‘మా ఇద్దరిలో ఎవరి ఇమ్యూనిటీ మంచిది, నా రిపోర్టు చూసి నేను భయపడాలా’ అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఎవరిదీ ఎక్కువ కాదు, ఎవరిదీ తక్కువ కాదు. బీపీ కొలిచినట్టు ఒక అంకెతో కొలవడానికి ఇమ్యూనిటీ అలాంటిది కాదు. ఆరోగ్యంగా ఉన్న ఇద్దరి మధ్య కనిపించే తేడాల్లో ఎక్కువ భాగం వాళ్ళు పెరిగిన ఊరు, తాగిన నీళ్ళు, కుట్టిన దోమలు, తిన్న తిండి, చిన్నప్పుడు వచ్చిపోయిన ఇన్ఫెక్షన్ల వల్ల వచ్చినవే. మీ ఒంట్లోని రక్షణ వ్యవస్థ వైజాగ్‌కి అలవాటు పడింది, మీ తమ్ముడిది పదిహేనేళ్ళుగా టెక్సాస్‌కి అలవాటు పడుతోంది. మీ రిపోర్టుకి భయపడక్కర్లేదు. అలాగని పక్కన పడేయడమూ వద్దు, ఒకటి రెండు పరీక్షలు చేయించాలి. అవేమిటో కింద రాస్తున్నాను.

నేను జనరల్ ఫిజీషియన్‌ని. వన్‌టౌన్ వైపు చాలా ఏళ్ళుగా ప్రాక్టీస్ చేస్తున్నాను. పోర్టులో పనిచేసేవాళ్ళు, జాలరిపేట వాళ్ళు, ఏజెన్సీ నుంచి బస్సెక్కి వచ్చేవాళ్ళు, డిసెంబరు జనవరిల్లో ఎన్నారైల పిల్లలు ఒకే రోజు ఒకే బల్ల ముందు కూర్చుంటారు. అందుకే మీ ప్రశ్న నాకు బాగా దగ్గరిది.

ముందు మీ రిపోర్టు సంగతి. శాతం చూసి కంగారు పడకండి, అసలు లెక్క చూడాలి. మీ తెల్లరక్తకణాలు మొత్తం 7,200 అని రాశారు. అందులో 9 శాతం అంటే దాదాపు 650 ఇసినోఫిల్స్. పుస్తకాల్లో గీసిన గీత 500. అంటే మీది కొద్దిగా ఎక్కువ, అంతే. ఐజీఈ కూడా పెద్దవాళ్ళలో 100 లేదా 150 దాటితే ఎక్కువ అని ల్యాబులు ముద్రిస్తాయి. ఆ అంకెలు ఎక్కువగా చల్లటి దేశాల్లో, కడుపులో నులిపురుగులు లేని జనాన్ని చూసి పెట్టుకున్నవి. మన దగ్గర ఏ జబ్బూ లేనివాళ్ళలో కూడా 400, 600 నాకు తరచూ కనిపిస్తాయి.

ఎందుకంటే ఐజీఈ, ఇసినోఫిల్స్ రెండూ ముఖ్యంగా పురుగుల మీద పోరాడే బలగం. ఏలికపాములు, కొంకిపురుగులు, బోదకాలు పురుగు లాంటివి ఉన్న చోట పెరిగిన ఒంట్లో ఆ బలగం ఎప్పుడూ ఎక్కువగానే ఉంటుంది. దీనికి మన తీరంలోని ఉక్కపోత తోడు. తడి గాలి ఉన్న ఇళ్ళల్లో పరుపుల్లో, దిండ్లలో డస్ట్ మైట్స్ అనే, కంటికి కనిపించని దుమ్ము పురుగులు ఏడాది పొడవునా బతుకుతాయి. వాటికి కూడా ఐజీఈ పెరుగుతుంది.

మరి ఐజీఈ అంత ఉన్నా మీకు తుమ్ములు ఎందుకు లేవు? ఈ ప్రశ్న నాకు చాలా ఇష్టం. పురుగులు మన ఒంట్లో ఏళ్ళ తరబడి ఉండాలంటే మన రక్షణ వ్యవస్థను కాస్త నెమ్మదింపజేయాలి. అవి అదే పని చేస్తాయి. ఆ నెమ్మది అలర్జీ మీద కూడా పనిచేస్తుంది. ఆఫ్రికాలోని గాబన్‌లో స్కూలు పిల్లలకు కొన్ని నెలలకోసారి పురుగుల మందు ఇస్తూ పోతే, డస్ట్ మైట్స్‌కి వాళ్ళ చర్మం స్పందించడం పెరిగింది. పురుగులు పోయాయి, అలర్జీ స్వభావం బయటపడింది. దీన్ని చదివి పురుగులు మంచివని అనుకోకండి. కొంకిపురుగులు రక్తం తాగి పిల్లల్ని పాలిపోయేలా చేస్తాయి, చదువు దెబ్బతింటుంది. స్కూళ్ళలో నులిపురుగుల నివారణ దినం నాడు ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర మీ పిల్లలకు తప్పకుండా వేయించండి.

ఇక్కడ ఒక విషయం కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే దీన్ని పట్టుకోకపోతే మనుషులు నెలల తరబడి అవస్థ పడతారు. పోర్టులో పనిచేసే ఒకాయన నా దగ్గరికి వచ్చేసరికి, రాత్రి రెండు మూడు గంటలకు మొదలయ్యే దగ్గుతో సరిగా నిద్రపోయి చాలా రోజులైంది. ఉబ్బసం అని ఇన్‌హేలర్లు వాడుతున్నారు, తగ్గలేదు. ఎక్స్‌రేలో సన్నటి చుక్కలు చూసి ఒకచోట టీబీ కావచ్చని కూడా అన్నారట. ఇసినోఫిల్స్ లెక్కపెడితే మూడు వేలు దాటాయి. అది ఊపిరితిత్తుల్లో బోదకాలు పురుగు పిల్లల మీద ఒళ్ళు మరీ అతిగా స్పందించడం. బోదకాలుకి ఇచ్చే డీఈసీ మాత్రలు మూడు వారాలు వాడారు, మొదటి వారంలోనే రాత్రిళ్ళు నిద్ర పట్టింది. ఈ జబ్బును మొదట వర్ణించినవాళ్ళలో మన మదనపల్లె టీబీ శానటోరియం డాక్టర్లు ఉన్నారు. ఫ్రిమోట్ మోలర్, బార్టన్ 1940లోనే ‘టీబీలా కనిపించే, ఇసినోఫిల్స్ పెరిగే జబ్బు’ అని రాశారు. ఒకే బోదకాలు దోమలు ఊరంతటినీ కుడతాయి. చాలామందికి ఏమీ కాదు, కొందరికి కాలు వాస్తుంది, ఏ కొద్దిమందికో ఈ దగ్గు వస్తుంది. అంటే ఊరు మాత్రమే కాదు, మనిషిని బట్టీ ఉంటుంది.

కాబట్టి మీకు రాత్రి దగ్గు, పిల్లికూతలు, బరువు తగ్గడం ఉన్నా, ఇసినోఫిల్స్ లెక్క 1,500 దాటినా ఆలస్యం చేయకుండా డాక్టర్ని కలవాలి. ఇవేవీ లేకపోతే మలపరీక్ష మూడు వేర్వేరు రోజుల్లో చేయించండి, ఒక్కసారి చేస్తే దొరక్కపోవచ్చు. ఇంకో హెచ్చరిక. స్ట్రాంగిలాయిడిస్ అనే పురుగు ఏ బాధా లేకుండా దశాబ్దాల పాటు కడుపులో ఉండిపోగలదు. అలాంటివాళ్ళకి ఏదో కారణానికి స్టెరాయిడ్లు ఇస్తే అది ఒళ్ళంతా పాకి ప్రాణం మీదకి రావచ్చు. ఇసినోఫిల్స్ ఎక్కువ ఉన్న సంగతి, ఎప్పుడు స్టెరాయిడ్లు రాసినా ఆ డాక్టర్‌కి ముందుగా చెప్పండి.

‘ఒకే రక్తం కదా’ అన్నారు. అది కూడా చూద్దాం. 2015లో స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు ఆరోగ్యంగా ఉన్న 210 మంది కవలల రక్తం పరీక్షించారు. అచ్చుగుద్దినట్టుండే కవలలు, మామూలు కవలలు ఇద్దరూ ఉన్నారు. రోగనిరోధక వ్యవస్థకు సంబంధించి 204 రకాల కొలతలు తీశారు. వాటిలో మూడొంతులకు పైగా, 77 శాతం కొలతల్లో జన్యువుల కంటే బయటి కారణాలదే పైచేయి. ఇంకా ఆసక్తికరం ఏమిటంటే, చిన్న వయసు కవలలు ఒకరికొకరు దగ్గరగా ఉన్నారు, వయసు పెరిగేకొద్దీ దూరమయ్యారు. ఒక్క వైరస్ ఎంత మార్చగలదో కూడా అందులోనే తేలింది. సైటోమెగాలో వైరస్ అని ఒకటుంది, సాధారణంగా ఏ లక్షణమూ లేకుండా ఒంట్లోకి వచ్చి జన్మంతా ఉండిపోతుంది. అచ్చుగుద్దిన కవలల్లో ఒకరికి అది ఉండి, రెండోవారికి లేకపోతే సగానికి పైగా కొలతలు మారిపోయాయి. అమెరికాలో నలభై ఏళ్ళొచ్చేసరికి సుమారు సగం మందికి అది సోకుతుంది. మన దేశంలో పెద్దవాళ్ళలో నూటికి తొంభై మందికి పైగా ఉంటుంది. కవలల సంగతే అలా ఉంటే, వేర్వేరు ఖండాల్లో బతుకుతున్న అన్నదమ్ముల సంగతి వేరే చెప్పాలా?

జన్యువులకు అసలు పాత్రే లేదని కాదు. ఆఫ్రికా మూలాలున్న చాలామందిలో ఎర్రరక్తకణాల మీద డఫీ అనే ప్రోటీన్ ఉండదు. వైవాక్స్ అనే రకం మలేరియా నుంచి అది వాళ్ళని చాలావరకు కాపాడింది. కానీ అదే మార్పు వల్ల వాళ్ళ రక్తంలో న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు తక్కువగా కనిపిస్తాయి. పూర్తి ఆరోగ్యవంతుల్ని కూడా ‘కౌంట్ తక్కువ’ అని లేనిపోని పరీక్షలకు పంపేవాళ్ళు. మలేరియా ఉన్న నేలే ఆ జన్యువుని తరతరాలుగా ఎంచిపెట్టింది. అంటే జన్యువుల్లో కూడా స్థలం ఉంది.

ఇక మీ తమ్ముడి తుమ్ములు. టెక్సాస్‌లో ఆ ప్రాంతంలో డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా జూనిపర్ చెట్ల పుప్పొడి మేఘాల్లా లేస్తుంది. అక్కడికి వెళ్ళినవాళ్ళకి మొదటి కొన్నేళ్ళు ఏమీ కాదు, తర్వాత మొదలవుతుంది. ఒళ్ళు ఆ పుప్పొడిని చూసి చూసి, దానికి ఐజీఈ తయారుచేసుకోవడానికి పట్టే కాలం అది. ఆయన ఒళ్ళు బలహీనపడలేదు, కొత్త ఊరికి కొత్తగా స్పందిస్తోంది.

అలర్జీలకీ, చిన్నప్పటి పరిసరాలకీ ఉన్న సంబంధం గురించి నన్ను బాగా ఒప్పించినవి రెండు పోలికలు. ఒకటి ఫిన్లాండ్, దాని సరిహద్దుకి అవతల రష్యాలోని కరేలియా. రెండు వైపులా జనం జన్యుపరంగా దగ్గరివాళ్ళే. కానీ పిల్లల్లో వచ్చే టైప్ 1 డయాబెటిస్ ఫిన్లాండ్‌లో సుమారు ఆరు రెట్లు ఎక్కువ, అలర్జీలు కూడా ఎక్కువే. పసిపిల్లల పేగుల్లోని బ్యాక్టీరియా చూస్తే రెండు వైపులా వేరు. ఫిన్లాండ్ పిల్లల్లో ఎక్కువగా ఉన్న బ్యాక్టీరియా పొర రోగనిరోధక కణాలకు తగినంత శిక్షణ ఇవ్వలేకపోతోందని 2016లో ఒక పరిశోధన చూపింది.

రెండోది అమెరికాలోనిదే. ఆమిష్, హటరైట్ అని రెండు రైతు సమాజాలు. ఇద్దరి పూర్వీకులూ యూరప్ నుంచి వచ్చినవాళ్ళే, తిండి, కుటుంబాల తీరు దగ్గర దగ్గరే. ఆమిష్ వాళ్ళు ఇంటి పక్కనే ఆవులు, గుర్రాలతో పాతకాలపు సేద్యం చేస్తారు, పిల్లలు కొట్టాల్లోనే ఆడుకుంటారు. హటరైట్ల వ్యవసాయమంతా పెద్ద యంత్రాలతో, ఇళ్ళకి దూరంగా జరుగుతుంది. స్కూలు పిల్లల్లో ఉబ్బసం ఆమిష్‌లలో 5 శాతం, హటరైట్లలో 21 శాతం. ఆమిష్ ఇళ్ళలో ఊడ్చిన దుమ్ము ఎలుకల ముక్కుల్లోకి పంపితే వాటికి కూడా ఉబ్బసం నుంచి రక్షణ వచ్చింది.

ఇది చెప్పగానే తల్లులు అడుగుతారు, అయితే పిల్లల్ని మట్టిలో వదిలేయమంటారా అని. నా మాట ఇది: మట్టి, మొక్క, పశువు వేరు, మురుగునీళ్ళు వేరు. భీమిలి వైపు తాతగారింట్లో పశువుల పాక దగ్గర ఆడుకోనివ్వండి, సముద్రం ఇసుకలో ఆడనివ్వండి. కానీ డ్రైనేజీ కలిసిన కుళాయి నీళ్ళు, చేతులు కడుక్కోకుండా తినడం ఇమ్యూనిటీ పెంచవు. టైఫాయిడ్, కామెర్లు తెస్తాయి. మన పిల్లలకు అలర్జీలు తక్కువగా ఉండిన పాత రోజుల్లోనే విరేచనాలతో ఎంతమంది పసిపిల్లలు పోయారో మన అమ్మమ్మల్ని అడగండి. ఆ రోజుల్ని నేను ఎప్పటికీ మెచ్చుకోలేను.

స్థలం ప్రభావం టీకాల మీద కూడా పడుతుంది. దీన్ని మన దేశం చాలా ఖరీదు పెట్టి నేర్చుకుంది. పోలియో చుక్కలు అమెరికా, యూరప్‌లలో మూడు డోసులకే బాగా పనిచేశాయి. మన దగ్గర అవే చుక్కలు, అన్ని డోసులు వేసినా పిల్లలందరికీ రక్షణ రావడం లేదని వేలూరు డాక్టర్లు 1970ల్లోనే గమనించారు. పేగుల్లో వేరే వైరస్‌లు, తరచూ వచ్చే విరేచనాలు చుక్కల మందుని సరిగా పట్టనివ్వవు. ఉత్తరప్రదేశ్, బీహార్‌లలో ఒక్కో డోసు ప్రభావం మరీ తక్కువ. అందుకే ఆదివారాలు మళ్ళీ మళ్ళీ పల్స్ పోలియో పెట్టి, టీకా రకం కూడా మార్చి, చివరికి 2014 మార్చి 27న పోలియో లేని దేశం అనిపించుకున్నాం. ‘ఎన్నిసార్లు వేస్తారండీ’ అని విసుక్కున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. కారణం మన పేగుల్లో ఉంది.

టీబీకి వేసే బీసీజీ టీకా కథ కూడా అలాంటిదే. బ్రిటన్ స్కూలు పిల్లల్లో అది టీబీని బాగా అడ్డుకుంది. 1968లో చెంగల్పట్టులో మొదలుపెట్టిన పెద్ద ట్రయల్‌లో, రెండున్నర లక్షల మందికి పైగా ఉన్నా, పెద్దవాళ్ళలో ఊపిరితిత్తుల టీబీకి రక్షణ కనిపించలేదు. మన నేలలో, నీళ్ళలో ఉండే టీబీ జాతి బ్యాక్టీరియా మన ఒళ్ళకి ముందే పరిచయమై ఉండటం వల్ల టీకా అదనంగా చేసేది తగ్గిపోతుందనేది ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. పసిపిల్లల్లో మెదడుకి పాకే టీబీని అది ఇప్పటికీ అడ్డుకుంటుంది. పుట్టగానే వేయించడం మానకండి.

మీ తమ్ముడి పిల్లల జ్వరాల దగ్గరికి వద్దాం. వాళ్ళకి ఇమ్యూనిటీ తక్కువ కాదు. ఇక్కడి క్రిముల్ని వాళ్ళ ఒళ్ళు ఇంతకుముందు చూడలేదు. డెంగ్యూ సంగతి చూడండి: 2017-18లో దేశమంతటా చేసిన సర్వేలో, 5 నుంచి 45 ఏళ్ళ వాళ్ళలో దక్షిణాదిన నూటికి 77 మందికి అప్పటికే డెంగ్యూ సోకిన గుర్తులు రక్తంలో ఉన్నాయి. అందులో చాలామందికి అది వచ్చిపోయిన సంగతే తెలీదు. అయితే ముందు ఒకసారి రావడం డెంగ్యూలో అన్నిసార్లూ లాభం కాదు. నాలుగు రకాలున్నాయి, రెండోసారి వేరే రకం సోకితే ప్రమాదం పెరగవచ్చు. కాబట్టి ‘మాకు అలవాటే’ అనే ధైర్యం మీకూ పనికిరాదు.

తెచ్చుకున్న రక్షణ ఊరు వదిలితే పోతుంది కూడా. పాడేరు వైపు నుంచి వచ్చి గాజువాకలో సెక్యూరిటీ పని చేసుకుంటున్న ఒక కుర్రాడు, కొన్నేళ్ళ తర్వాత ఇటుకల పండుగకి ఊరెళ్ళి వచ్చాడు. రెండు వారాలకి వణుకుతూ ఆటోలో తీసుకొచ్చారు. ఫాల్సిపారం అనే ప్రమాదకరమైన రకం మలేరియా. ఇంట్లో అదే పాకలో పడుకున్న తల్లిదండ్రులకి ఏమీ లేదు. పదే పదే దోమలు కుట్టే చోట ఉండేవాళ్ళలో కొందరికి రక్తంలో మలేరియా క్రిమి ఉన్నా జ్వరం రాదు. ఆ తట్టుకునే గుణం నిలవాలంటే క్రిమి మళ్ళీ మళ్ళీ తగులుతూ ఉండాలి. ‘నేను ఏజెన్సీలో పుట్టినవాణ్ణి, నాకు మలేరియా ఏమిటి సార్’ అని ఆ కుర్రాడు అడుగుతూనే ఉన్నాడు. మీ తమ్ముడిదీ అదే పరిస్థితి. చిన్నప్పుడు ఆయన పూర్ణా మార్కెట్ దగ్గర ఏం తిన్నా అరిగిపోయి ఉండొచ్చు, కానీ పేగుల్లో ఉండే ఆ రక్షణ పదిహేనేళ్ళు నిలవదు.

ఒకే ఊళ్ళో ఉన్నా, తిండి మార్చినా కొంత మారుతుంది. టాంజానియాలోని కిలిమంజారో ప్రాంతంలో పల్లె యువకులకి రెండు వారాలు సాంప్రదాయ తిండి మాన్పించి పాశ్చాత్య తరహా తిండి పెట్టారు. రక్తంలో వాపుని పెంచే ప్రోటీన్లు పెరిగాయి. పట్నం తిండి తినేవాళ్ళకి సాంప్రదాయ తిండి పెడితే తగ్గాయి. రెండు వారాలకే అంత మార్పు. పొగతాగడం వల్ల వచ్చే కొన్ని మార్పులు, మానేశాక కూడా ఏళ్ళ తరబడి మిగిలిపోతాయని ఫ్రాన్స్‌లో వెయ్యి మంది ఆరోగ్యవంతుల మీద చేసిన పరిశోధన చెప్పింది. మీరు సిగరెట్ గురించి రాయలేదు, తాగుతుంటే మానేయండి.

ఇక్కడి ల్యాబు రిపోర్టుల గురించి ఒక్క మాట. జ్వరం వచ్చి రెండు రోజులు కాకముందే వైడాల్ అనే టైఫాయిడ్ రక్తపరీక్ష చేయించి, 1:80 చూసి ‘టైఫాయిడ్’ అని యాంటీబయోటిక్స్ మొదలుపెట్టడం మన ఊళ్ళో చాలా ఎక్కువ. టైఫాయిడ్ తిరుగుతున్న ఊళ్ళో ఏ జ్వరమూ లేనివాళ్ళకి కూడా ఆ మాత్రం వస్తుంది. ఒళ్ళు ఎప్పుడో చూసిన క్రిమిని గుర్తుపెట్టుకున్న ఆనవాలు అది. అనుమానం ఉంటే మందు మొదలుపెట్టక ముందే బ్లడ్ కల్చర్ అడగండి.

మీ తమ్ముడు మళ్ళీ వచ్చే ముందు చేయాల్సినవి ఇవి. ‘మన ఊరే కదా’ అని బయలుదేరేవాళ్ళే అక్కడి ట్రావెల్ డాక్టర్ని కలవరు. అమెరికాలో బయటపడే టైఫాయిడ్ కేసుల్లో ఎక్కువ భాగం దక్షిణాసియాలో చుట్టాల్ని చూసి వెళ్ళినవాళ్ళవే. రెండేళ్ళు దాటిన పిల్లలకీ, పెద్దవాళ్ళకీ ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు టైఫాయిడ్ టీకా పడాలి. హెపటైటిస్ ఏ టీకా పూర్తయిందో లేదో చూసుకోమనండి. అరకు, లంబసింగి వెళ్ళే ప్లాన్ ఉంటే మలేరియా మాత్రల గురించి ముందే అడగాలి, రాత్రి బస చేస్తే దోమతెర తప్పనిసరి. ఇక్కడ దిగాక కాచి చల్లార్చిన నీళ్ళు లేదా సీల్ ఉన్న బాటిల్, బీచ్ రోడ్డులో కోసిపెట్టిన పండ్లు, ఐస్ వద్దు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఇంట్లో ఉంచండి. తిరిగి వెళ్ళాక జ్వరం వస్తే, ఇండియా వెళ్ళొచ్చామని అక్కడి డాక్టర్‌కి మొదటి మాటగా చెప్పాలి. అక్కడివాళ్ళకి మలేరియా, టైఫాయిడ్ వెంటనే తట్టవు.

మీ మలపరీక్షలు అయ్యాక, ఇసినోఫిల్స్ లెక్క మళ్ళీ ఒకసారి చేయించి ఇక్కడే రాయండి, చూసి చెప్తాను. రాత్రిపూట దగ్గు వస్తోందో లేదో, ఎప్పుడైనా స్టెరాయిడ్లు వాడారో లేదో తప్పకుండా రాయండి.